ఆర్లిస్ వైపు బెంచీ

అక్టోబరు నెలలో అంత ఎండ కాస్తుందని ఎవరూ అనుకోలేదు. వేడి మీదున్న చక్కెర దుంపను కుప్ప పోస్తే లోపల్లోపలే ఉడికి కుళ్లిపోతుంది. అందుకని మిల్లువాళ్లు పొద్దున్నే లారీలు ఆపేశారు. చల్లబడి మళ్లీ కబురు వచ్చేదాకా పనివాళ్లను ఎవరి ట్రైలర్లో, అంటే పికప్ వెనక లాక్కెళ్లే చక్రాల ఇంట్లో, వాళ్లు ఉండమన్నారు. డెల్మర్ పార కడిగి గోడకు ఆనించి, బూట్లకు అంటిన మట్టిని కర్రముక్కతో గీకి, ట్రైలర్ల మైదానానికి నడిచి వచ్చాడు.

లోపల అతని చోటు ఖాళీ లేదు. బల్లకు అటొక బెంచీ, ఇటొక బెంచీ. పొయ్యి వైపుది అతనిది, పడక వైపుది అతని భార్య ఆర్లిస్‌ది. ట్రైలరు కొన్న మొదటి రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారో అదే ఖాయమైపోయింది. ఆ మైదానంలో ఏ ట్రైలర్లో అయినా అంతే. అవతలివాళ్ల చోట కూర్చోవడమంటే అవతలివాళ్ల పళ్ల బ్రష్షు నోట్లో పెట్టుకున్నట్టు. కానీ ఆ పొద్దున ఆర్లిస్ ఉతికిన బట్టలన్నీ మడతపెట్టి అతని బెంచీ నిండా దొంతర్లు పేర్చింది. వాటిని కదిపితే ఏమంటుందో అని డెల్మర్ కాఫీ కప్పు పట్టుకుని ఆమె బెంచీ మీద కూర్చున్నాడు.

రెండు గుక్కలు తాగేసరికి ఎక్కడో ఏదో బాగాలేదని తెలిసింది. నాలుగో గుక్కకి అన్నీ బాగాలేవని తెలిసింది. మెత్త పేరుకే మెత్త. దాని కింది చెక్క తగులుతోంది. బెంచీ ముందు అంచు తొడల కింద కోసేస్తోంది. వీపు వెనక మెత్త గోడలా నిటారుగా నిలబడి మనిషిని ముందుకి నెడుతోంది. అన్నిటికంటే, ఈ బెంచీ అవతలి దాని కంటే ఎత్తు. నీళ్ల ట్యాంకు దీని కింద ఉంది కదా, దాన్ని ఇరికించడానికి కట్టినవాళ్లు పెట్టె ఎత్తు పెంచారు. ఆరడుగుల మనిషి, అతని మడమలే నేల మీద సరిగా ఆనడం లేదు. ఆర్లిస్ అతని భుజం దాకా వస్తే గొప్ప.

డెల్మర్ కప్పు కింద పెట్టాడు.

నిన్న సాయంత్రం గిన్నెలు తుడుస్తూ ఆర్లిస్ అతని వైపు చూడకుండా ఒక మాట అన్నది. "దుంపల పని అయ్యాక నేను బ్రెయినర్డ్‌లో మార్డెల్ అక్క దగ్గరికి పోతాను. ఈ చలికాలం టెక్సాస్‌కి నువ్వొక్కడివే పో. ఈ బండిలో ఇక నేను కూర్చోలేను." డెల్మర్ "సరే" అన్నాడు. అతను దేనికైనా సరే అనేవాడే. కానీ రాత్రంతా ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. బండిలో కూర్చోలేనంటే తనతో కూర్చోలేనని అర్థం చేసుకున్నాడు. ఇప్పుడు తొడల కింద ఆ చెక్క అంచు కోస్తుంటే తెలిసింది. ఆమె బండి అన్నది బండినే!

తలుపు తీసుకుని ఆర్లిస్ వచ్చింది, చేతిలో బట్టల క్లిప్పుల సంచి.

"నా చోట్లో కూర్చున్నావేం?"

"ఇక్కడ వీపు ముందుకి పడుతోంది."

"పడుతుంది."

"ఎప్పట్నించి?"

"కొన్నప్పట్నించి."

"కాళ్లు కూడా అందటం లేదు."

"నీకు కూడానా?" అన్నది ఆర్లిస్. ఆ 'నీకు కూడానా'లో కొంచెం సంతోషం వినిపించింది. "సరే లే. బట్టలు లోపల పెట్టి నీ చోట కూర్చో."

డెల్మర్ కూర్చోలేదు. మెత్తను ఊడదీసి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

*

పక్క ట్రైలరు హోయిట్‌ది. అర్కాన్సా నుంచి ఒంటరిగా వచ్చే మనిషి. కడుపు పెద్దది, నోరు అంతకంటే పెద్దది. మడత కుర్చీలో కూర్చుని ఎండ కాచుకుంటున్నాడు.

"ఏమయ్యా డెల్మర్, పరుపుతో బయల్దేరావు? ఇంట్లోంచి గెంటేసిందా?"

"ఇంకా లేదు." డెల్మర్ మెత్తను గడ్డి మీద వేసి బొటనవేలితో నొక్కాడు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

హోయిట్ కూడా వంగి నొక్కాడు. "ఇది చచ్చి చాలా కాలమైంది. పాతిపెట్టటం మర్చిపోయారు. నీ బల్ల దగ్గర పేకాటకి ఎవరూ ఎందుకు రారనుకున్నావు? పోయినేడు ఒక్క ఆట ఆడి మూడు రోజులు వంకరగా నడిచాను."

"చెప్పొచ్చుగా."

"చెప్పాను. నువ్వు సరే అన్నావు."

ఎదుటి వరసలో లూర్డెస్ ఉంది. టెక్సాస్ కొసన మిషన్ అనే ఊరు వాళ్లది. ఇంటి దగ్గర పికప్ బండ్ల సీట్లకు కొత్త తొడుగులు వేస్తుంది. దుంపల కాలంలో ఇక్కడికి వచ్చి ఆర్లిస్‌తో పాటు కాటా దగ్గర పని చేస్తుంది. కుట్టు మిషను ఎక్కడికి వెళ్లినా వెంట ఉండాల్సిందే. మగవాళ్లని దోన్ అనీ ఆడవాళ్లని దోన్యా అనీ స్పానిష్‌లో గౌరవంగా పిలుస్తుంది. డెల్మర్ వెళ్లి మెత్త సంగతి చెబితే ఆవిడ పెనం మీది రొట్టె తిప్పడం ఆపేసింది.

"గట్టి స్పాంజి ఉంది, దోన్ డెల్మర్. మా ఆయన బండి సీటుకని దాచాను. ఆయన సీటు ఇంకో ఏడాది ఆగుతుంది. దోన్యా ఆర్లిస్ నడుం ఆగదు." చేతులు తుడుచుకుని మంచం కింద నుంచి బిళ్లలు లాగింది. "కొయ్యడానికి కరెంటు కత్తి కావాలి. టర్కీ కోడిని కోసేది. మామూలు కత్తి పెడితే అంచు కుక్క కొరికినట్టు వస్తుంది."

ఆ కత్తి ఆర్లిస్ దగ్గర ఉంది. పండగ రోజు తప్ప అది డబ్బాలోంచి బయటికి రాదు. డెల్మర్ డబ్బా తీస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడింది.

"అదెందుకు?"

"కొయ్యటానికి."

"ఏ పక్షిని?"

"నీ సీటుని."

ఆర్లిస్ పక్కకి జరిగి దారిచ్చింది. "కడిగి ఇవ్వాలి," అన్నది చివరికి.

ఆ పగలంతా డెల్మర్‌కు ఒంట్లో జ్వరం లాంటి హుషారు. నలభై మాటలు మాట్లాడి ఉంటాడు, అతనికి అది నెల సరుకు. కొత్త స్పాంజి బిళ్ల బెంచీ మీద పెట్టి కూర్చుని చూశాడు. లేచి కోశాడు. మళ్లీ కూర్చున్నాడు. ముందు అంచును గుండ్రంగా చెక్కాడు. బెంచీ చెక్క కింద ముందు వైపు కర్రపట్టీ బిగించి, కూర్చుంటే ఒళ్లు వెనక్కి జారేలా వాలు పెట్టాడు. వీపు మెత్త కింది భాగం మందంగా, పై భాగం పలచగా కోశాడు. కత్తి గుర్రుమంటుంటే తెల్లటి స్పాంజి పొట్టు ఎగిరి గడ్డం నిండా అంటుకుంది. హోయిట్ బీరు డబ్బా పట్టుకుని సలహాలు ఇచ్చాడు. లూర్డెస్ కొలతలు తీసుకుపోయి నీలం గుడ్డతో తొడుగు కుట్టి తెచ్చింది. బిగించి కూర్చుంటే... అబ్బ! డెల్మర్ కళ్లు మూసుకున్నాడు. తన బెంచీ కూడా ఇంత హాయిగా ఉండదు.

"పిలవండి ఆవిణ్ణి!" అన్నాడు హోయిట్.

ఆర్లిస్ ఏప్రాన్ విప్పి, జుట్టు సర్దుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది. కూర్చోగానే వెనక్కి జారి తొట్టిలో పడ్డట్టు పడింది. మోకాళ్లు లేచి బల్ల అడుగున కొట్టుకున్నాయి. పాదాలు గాల్లో వేలాడాయి. గడ్డం బల్ల కిందికి పోయింది. బల్ల అంచున రెండు కళ్లు, పైన తెల్ల జుట్టు మాత్రం కనబడుతున్నాయి.

హోయిట్ బీరు ముక్కులోంచి వచ్చింది. లూర్డెస్ నోటికి కొంగులా చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆర్లిస్ కూడా నవ్వింది. భుజాలు అదిరేలా నవ్వి, బల్ల పట్టుకుని లేచి, డెల్మర్ గడ్డం మీది స్పాంజి పొట్టు ఒకటి తీసింది.

"బాగా చేశావు డెల్మర్," అన్నది. "నీకు సరిగ్గా సరిపోతుంది."

అని గిన్నెల దగ్గరికి పోయింది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే డెల్మర్‌కు ఇంకొంచెం తేలిగ్గా ఉండేది. అతని చెయ్యి పోయి కొలత టేపు మీద పడింది. పొద్దుట్నించి అతను కొలిచిందల్లా తన ఒళ్లే.

*

మర్నాడు కూడా ఎండే. డెల్మర్ నీళ్ల కుళాయి దగ్గర బకెట్టు నింపుతూ నేల వంక చూస్తున్నాడు. అక్కడి నేల నల్లరేగడి. తడిస్తే బూటును వదలదు, ఆరితే రాయి. కుళాయి చుట్టూ తడిలో అందరి అడుగులూ అచ్చుపడి ఉన్నాయి. హోయిట్ అడుగులు గుంటలు. లూర్డెస్‌వి చిన్నవి, దగ్గర దగ్గరగా. ఆర్లిస్ రబ్బరు బూటు అడుగున పువ్వు గుర్తు ఉంటుంది, అది రేకుతో సహా దిగింది. టేపు పెట్టి ఎవరూ కొలవలేదు, అయినా ఎవరి కాలు వాళ్లదే.

బకెట్టు పొర్లిపోతోంది. డెల్మర్ చూసుకోలేదు.

పావుగంటలో అతను బెంచీ వెడల్పుకి సరిపడా పలకకు చుట్టూ పట్టీలు కొట్టి, రేగడి మట్టిని రొట్టెపిండిలా తొక్కి, అందులో పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి లోపలికి మోసుకొచ్చాడు.

"నా ఇంట్లోకి మట్టి తెస్తున్నావా?" అన్నది ఆర్లిస్.

"దీని మీద కూర్చో."

"నీకు మతి పోయింది."

"కాఫీ తాగినంతసేపు. ఎప్పుడూ ఎలా కూర్చుంటావో అలా."

"కూర్చోండి దోన్యా, కూర్చోండి!" లూర్డెస్ అప్పటికే మెట్ల మీద ఉంది. కళ్లు మెరుస్తున్నాయి. "ఇది మంచి ఉపాయం. నాకెందుకు తట్టలేదు? దోన్ డెల్మర్, మీరు కూడా మీ చోట కూర్చోండి. ఎప్పటిలాగే ఉండాలి మరి."

హోయిట్ కిటికీలోంచి తల పెట్టాడు. "ఆర్లిస్, ఈ అచ్చు నాకిస్తే ఎండబెట్టి గోడకి తగిలించుకుంటాను."

"నీ మొహం అచ్చు తీస్తే తగిలించటానికి గోడ చాలదు," అన్నది ఆర్లిస్, కూర్చుంటూ.

ఇద్దరూ ఎదురెదురుగా కాఫీ తాగారు. బంగాళదుంప రొట్టెకు వెన్న రాసుకుని చక్కెర చల్లుకుని తిన్నారు. తర్వాత ఆర్లిస్ మెల్లగా లేచింది. నలుగురూ ముందుకి వంగారు.

కుడి వైపు మట్టి గిన్నెలా లోతుగా దిగిపోయింది. ఎడమ వైపు పైపైన చెయ్యి ఆనించినంత గుర్తు మాత్రం ఉంది.

"మట్టి సమంగా పరవలేదు నువ్వు," అన్నాడు హోయిట్.

డెల్మర్ మట్టి మళ్లీ తొక్కి, పలకను అటుది ఇటు తిప్పి పెట్టాడు. ఆర్లిస్ ఇంకో కప్పు కాఫీ తాగింది. మళ్లీ అంతే. కుడి వైపు గుంట, ఎడమ వైపు ఏమీ లేదు.

లూర్డెస్ నవ్వడం మానేసింది. "దోన్యా, మీకు తుంటి ఎముక ఎప్పుడైనా విరిగిందా?"

"లేదే."

"మరి మనిషి ఒక తుంటి మీద ఎందుకు కూర్చుంటుంది? ఇంకోసారి కూర్చోండి. దోన్ డెల్మర్, మీరు కదలకండి." ఆవిడ మోకాళ్ల మీద వంగి బల్ల కిందికి చూసింది. చాలాసేపు లేవలేదు. లేచాక డెల్మర్ భుజం తట్టి, కిందికి చూడమన్నట్టు గడ్డంతో చూపించింది.

డెల్మర్ వంగి చూశాడు.

బల్ల కింద రెండు కాళ్లే ఉన్నాయి. రెండూ అతనివే. బారుగా చాపుకుని, బూట్లు రెండూ ఆర్లిస్ బెంచీ చెక్కకు తన్ని పెట్టి ఉన్నాయి. ఆ చెక్క మీద బూటు ముక్కులు తగిలే రెండు చోట్లా వార్నిషు పోయి, కర్ర తేలి, నున్నగా అరిగి ఉంది. ఆర్లిస్ మోకాళ్లు బల్ల కింద లేవు. నడవ వైపు తిరిగి ఉన్నాయి. మొండెం సగమే బల్ల వైపు తిరిగి ఉంది.

అతను పైకి వచ్చేసరికి తల బల్లకు కొట్టుకుంది. తడుముకోలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మొదటి ఏడు చెప్పాను," అన్నది ఆర్లిస్. మామూలుగానే అన్నది, ఉప్పు అందుకో అన్నట్టు. "నువ్వు లాక్కున్నావు. కాసేపటికి మళ్లీ వచ్చాయి. నీకు తెలీకుండానే వస్తాయి డెల్మర్. పూటకి మూడుసార్లు చెప్పడం కంటే నేను తిరిగి కూర్చోడం తేలికనిపించింది."

"నేను..."

"నువ్వు కావాలని చెయ్యలేదు. అందుకే మరీ కష్టం."

కిటికీలోంచి హోయిట్ తల మెల్లగా వెనక్కి పోయింది.

డెల్మర్ కాళ్లు లాక్కున్నాడు. మడమలు తన బెంచీ చెక్కకు కొట్టుకున్నాయి. ఇంకా వెనక్కి పోవు. పోవడానికి చోటు లేదు. అతను చెక్కను మడమతో ఒకసారి తట్టాడు. బోలుగా మోగింది. మళ్లీ తట్టాడు. చిన్నపిల్లాడిలా చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏమిటి?" అన్నది ఆర్లిస్.

"తప్పు నీ బెంచీలో లేదు," అన్నాడు డెల్మర్. "నా బెంచీలో ఉంది!"

*

ఆ బెంచీ కింద పెట్టె నిండా అతని పనిముట్లు. రెంచీలు, గొలుసులు, జాకీ, తాళ్లు. ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు. వాటన్నిటినీ రెండు చేతులా ఎత్తి బయట గడ్డిలో పోశాడు. హోయిట్ తన కోత రంపం తెచ్చాడు. డెల్మర్ తన బెంచీ ముందు చెక్క మీద పెన్సిలుతో గీత గీసి రంపం పెట్టాడు. చెక్క అరుస్తూ చీలింది. మూడు వైపులా కోసి అరచేత్తో గుద్దితే ముక్క లోపలికి పడింది. నల్లటి నోరు తెరుచుకుంది. మూలలు కుంగిపోకుండా లోపల రెండు గుంజలు బిగించాడు. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. కూర్చుని పాదాలు వెనక్కి పెట్టాడు. సగం పాదం లోపలికి పోయింది. ఇంకా లాగాడు. మడమ దాకా పోయింది.

"చూడు ఆర్లిస్! చూడు!"

ఆర్లిస్ గిన్నెలు వదిలేసి నేల మీద కూర్చుని మరీ చూసింది. "పనిముట్లెక్కడ పెడతావు?"

"తెలీదు. పికప్‌లో."

"వర్షం వస్తే?"

"తడుస్తాయి."

ఆర్లిస్ అతని వంక విచిత్రంగా చూసింది. రంపం తుడవకుండా పక్కన పెట్టే డెల్మర్‌ని ఆమె ఇదివరకు చూసినట్టు లేదు.

మట్టి మీద నాలుగోసారి కూర్చుంది. ఈసారి మోకాళ్లు బల్ల కింద, పాదాలు ముందుకి. మొదట ఆమె ఒళ్లు ఒప్పుకోలేదు. అలవాటు మీద నడవ వైపు తిరిగిపోతుంటే లూర్డెస్ భుజాలు పట్టుకుని నిలబెట్టింది. "నేరుగా, దోన్యా, నేరుగా. పెళ్లి పీట మీదున్నారనుకోండి." లేచాక చూస్తే రెండు వైపులా సమంగా రెండు గుంటలు, రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినట్టు. లూర్డెస్ శిలువ గుర్తు వేసుకుంది. ఆ అచ్చు చూస్తూ నిన్నటి స్పాంజిని సగం మందానికి కోసి తగ్గించారు. వాలు తగ్గించి, ముందు అంచు తొడకు తగలకుండా చెక్కారు. వీపు మెత్తను ఆర్లిస్ వెన్ను మీద పెట్టి, ఆమె "ఇక్కడ" అన్న చోట సుద్దతో గీసి కోశారు. పాదాల కింద ఒక కర్రదిమ్మ వేశారు. ఎన్నిసార్లు లేచి ఎన్నిసార్లు కూర్చుందో, ప్రతిసారీ "ఇంకొంచెం" అన్నది. "ఇంకొంచెం కింద." "అక్కడ కాదు, ఎముక పక్కన." మొదట మొహమాటపడుతూ అన్నది. తర్వాత ధాటిగా అన్నది. చివరికి కరెంటు కత్తి డెల్మర్ చేతిలోంచి లాక్కుని తనే కోసింది.

పొద్దు వాలే వేళకు ఉత్తరం గాలి తిరిగింది. ట్రైలరు రేకులు టపటపమన్నాయి. మర్నాడు పని మొదలవుతుందని ఫోన్లలో కబురు వచ్చింది. అంటే పేకాట ఆడితే ఇవాళే. లూర్డెస్ చిక్కుళ్ల గిన్నె తెచ్చింది. హోయిట్ ఒంటి మీద చొక్కా కొత్తది. ఆర్లిస్, లూర్డెస్ ఒక బెంచీ మీద, డెల్మర్, హోయిట్ రెండో దాని మీద. పినాకల్ అనే ఆ జంటల పేకాటలో మూలగా కూర్చున్నవాళ్లే జంట అని హోయిట్ వాదించాడు గానీ, ఎదురెదురుగా మొహాలు చూసుకునేవాళ్లే జంట అని లూర్డెస్ ఒప్పుకోలేదు. ఆర్లిస్‌కు ఎదురుగా డెల్మరే జంట.

ఒక ఆట అయింది. రెండో ఆట అయింది. ఆర్లిస్ లేవలేదు. ఇదివరకైతే ఈపాటికి ఏదో వంకతో లేచి పొయ్యి దగ్గర నిలబడేది. మధ్యలో ఒకసారి బల్ల కింద ఏదో డెల్మర్ బెంచీ చెక్కకు మెత్తగా తగిలింది. ఆమె పాదం. బారుగా చాపుకుంది. డెల్మర్ తన పాదాలు ఇంకొంచెం లోపలికి లాక్కున్నాడు. అక్కడ చోటు ఇరుకే. మోకాలు కొంచెం లాగుతోంది కూడా. పాదాలు మాత్రం అక్కడే ఉంచాడు.

ఆర్లిస్ ఫోను మోగింది. రెండు చేతుల్లోనూ పేకలు ఉన్నాయని గొంతు అందరికీ వినబడేలా పెట్టింది.

"ఏమే, ఎప్పుడొస్తున్నావు? పైగది దులిపించాను," అంది మార్డెల్.

డెల్మర్ తన చేతిలోని ముక్కల వంక చూశాడు. ఒక్కటీ కనబడలేదు.

"పైగది వద్దక్కా. నీ గ్యారేజీ పక్కన చోటు చేయించు."

"ఎందుకు?"

"బండితో వస్తాం. నీ సోఫా మీద నా నడుం నిలవదు. ఇక్కడ నాకు కొలతకి చేసిన సీటుంది."

"వస్తాం అంటే? ఆ మొద్దు కూడానా?"

హోయిట్ పేకల వెనక ముఖం దాచుకున్నాడు.

"ఆయన తోలకపోతే బండి దానంతటదే వస్తుందా?" అన్నది ఆర్లిస్. "చెరువు గడ్డకట్టేదాకా ఉంటాం. తర్వాత టెక్సాస్ పోతాం, లూర్డెస్ వాళ్ల ఊరు. వింటోంది, ఇక్కడే ఉంది. ఆటలో ఉన్నానక్కా, మళ్లీ చేస్తాను."

హోయిట్ సన్నగా ఈల వేశాడు. "చెరువు గడ్డకట్టేదాకా! నెల పైమాటే. మార్డెల్ గుమ్మంలో, మార్డెల్ కళ్ల ముందు. డెల్మర్, నీ మీద నాకు జాలేస్తోందయ్యా."

"పాట పెంచే వంతు ఎవరిది?" అన్నది ఆర్లిస్, ముక్కలు సర్దుకుంటూ.

"మీ ఆయనదే. వదిలేస్తాడులే. ఎప్పుడూ వదిలేసేదేగా."

డెల్మర్ చేతిలో చెప్పుకోదగ్గ ముక్క ఒక్కటీ లేదు. రెండు రాణులు, చిల్లర. తల ఎత్తి ఎదుటికి చూశాడు. ఆర్లిస్ భుజాలు రెండూ ఒక్క ఎత్తున ఉన్నాయి. ముఖం నేరుగా అతని వైపు ఉంది. ఇన్నేళ్లుగా ఈ బల్ల దగ్గర ఆమె పక్కముఖమే చూస్తున్నానని అతనికి అప్పుడు తోచింది.

"పెంచుతున్నా," అన్నాడు.